నేను ఆపేసిన లెక్కల పాఠం

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట. చదువుకున్నవాళ్ళు చెబితే మరీను. ఇంజనీరింగు పాసయ్యి, జేబులో సెల్‌ఫోను పెట్టుకుని, అనంతగిరి ఘాట్‌లో తెల్లచీర ఆవిడ బస్సు ఆపిందని చెప్పేవాణ్ణి చూస్తే లాగి ఒక్కటి ఇవ్వాలనిపిస్తుంది. ఆ ఘాట్‌లో నేను రెండేళ్ళు వారానికి రెండుసార్లు తిరిగాను. డ్రైవర్లు కునుకు తియ్యడం చూశాను, ఒక్క జీపుకి ముప్ఫైమంది వేలాడటం చూశాను. తెల్లచీర ఆవిడ మాత్రం నాకెప్పుడూ తగల్లేదు.

కాబట్టి ఇది దెయ్యం కథేమోనని ఆశపడకండి. ఇందులో చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఒక రౌటరు, ఒక టీవీ, పదో తరగతి ఆడపిల్లలు పద్దెనిమిది మంది, నేను చేసిన ఒక వెధవ పని. అంతే.

రెండువేల నాలుగు, ఐదు ప్రాంతపు మాట. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. విజయనగరం నుంచి వచ్చి ఒక కాంట్రాక్టరు దగ్గర నెట్‌వర్కు ఇంజనీరుగా చేరాను. అరకు చుట్టూ కొండల మీద ఉన్న ఆరు గిరిజన హాస్టలు బడులకి టీవీలో లెక్కల పాఠం చేర్చడం మా పని. ఆ బడుల్లో లెక్కల టీచరు ఉండేవాడు కాదు. ఏజెన్సీకి పోస్టింగు వెయ్యగానే మైదానం టీచర్లకి ఎక్కడలేని కష్టాలూ పుట్టుకొచ్చేవి. బీపీ, నడుంనొప్పి, అత్తగారికి పక్షవాతం. చేరిన రోజు సంతకం, మర్నాటినుంచి సెలవు.

అందుకని కింద మైదానంలో ఒక స్టూడియో పెట్టి, రిటైరైన ఒక లెక్కల మాస్టారిని కెమెరా ముందు నిలబెట్టారు. రోజూ పదకొండు నుంచి పన్నెండు వరకు ఆయన బోర్డు మీద పాఠం చెబుతారు. ఆ బొమ్మ లైను మీద వచ్చి, అరకులో మేం అద్దెకు తీసుకున్న గదిలోని రౌటరుకి చేరుతుంది. అక్కణ్ణుంచి రేడియో డిష్షుల ద్వారా ఆరు బడులకీ వెళ్తుంది. అంతా ఒకవైపే. మాస్టారు చెబుతారు, పిల్లలు వింటారు. పిల్లలు అడగడానికి మైకు లేదు, మాస్టారు వాళ్ళని చూడటానికి కెమెరా లేదు.

ఇలా పంపడాన్ని మల్టీకాస్ట్ అంటారు. దండోరా లాంటిదే. ఇంటింటికీ వెళ్ళి చెప్పక్కర్లేదు, ఒక్కసారి వేస్తే అందరికీ చేరుతుంది. చిక్కేమిటంటే, మేం పెట్టిన పద్ధతిలో రౌటరు కావాలన్నా వద్దన్నా ముందు అందరి గుమ్మంలోనూ పడేసేది. అవే లైన్ల మీద పెద్ద ఆఫీసర్ల వీడియో మీటింగులు కూడా నడిచేవి. ఆ మీటింగుల్లో ఏం జరిగేదో నేను చూశాను. ఒకాయన మాట్లాడటం, మిగతావాళ్ళు ఆవలించడం. ఆ ఆవలింతలన్నీ పాఠంతో పాటు కొండెక్కి బడుల్లోకి జొరబడేవి. సన్నటి లైను, రెండూ పట్టేవి కావు. మాస్టారి మొహం ముక్కలు ముక్కలయ్యేది.

ఆరు బడుల్లో చివరిది, అన్నిటికంటే సన్నటి లైను ఉన్నది, మేరీ టీచరు బడి. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి, తెలుగు చెప్పేవారు. లెక్కలు చెప్పేవాళ్ళు లేరు కనుక పాఠం వేళకి టీవీ పెట్టి, పిల్లల పక్కన తనూ కూర్చునేవారు. ఫిబ్రవరిలో నాకు ఫోను చేశారు.

“సార్, బొమ్మ సిల్లపెంకులైపోతంది. పరీక్షలు దగ్గరకొచ్చేసినాయి. బేగి ఏదో ఒకటి సెయ్యండి సార్.”

దీనికి మందు రౌటర్లోనే ఉంది. నెట్‌వర్కు పొలిమేర దగ్గర ఫిల్టరు పెట్టడం. ఈ గుమ్మం ఏది దాటొచ్చు, ఏది దాటకూడదు అని రౌటర్లో ఒక లిస్టు రాస్తాం. నేను మీటింగుల ప్రసారానికున్న నంబరు రాసి ‘ఆపు’ అన్నాను. దాని కింద ‘మిగతావి వదులు’ అని ఇంకో లైను రాయాలి. రాయకపోతే, చివర్న ‘మిగతావన్నీ ఆపు’ అని ఉన్నట్టే రౌటరు లెక్క. ఆ మాట తెర మీద కనపడదు, అయినా పనిచేస్తుంది. ఈ ఉద్యోగంలో చేరినవాడికి మొదటివారమే చెప్పే సంగతి ఇది. మా ఆఫీసులో కొత్తవాళ్ళకి చెప్పేది నేనే. మర్చిపోయినవాణ్ణి అందరి ముందూ గాడిదా అని తిట్టేదీ నేనే.

ఆ రోజు మధ్యాహ్నం పాసింజరు రైలు వెళ్ళిపోతుందన్న హడావిడిలో ఆ రెండో లైను రాయకుండానే సేవ్ చేసి లేచొచ్చాను. అంటే మేరీ టీచరు బడికి మీటింగుతో పాటు పాఠం కూడా ఆపేశాను.

ఆ సంగతి నాకు తెలీదు. మర్నాడు పదకొండు గంటలకి కింద ఆఫీసు కంప్యూటర్లో, ఆ లైను మీద ఎంత వెళ్తోందో చూపే గ్రాఫు నేలకి అంటుకుపోయి ఉంటే, ఫిల్టరు భేషుగ్గా పనిచేస్తోందని మురిసిపోయాను. పాఠం వెళ్తుంటే గ్రాఫు కాస్తయినా లేవాలి కదా అన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు. తట్టకపోవడానికి కారణముంది. మధ్యాహ్నం మేరీ టీచరే ఫోను చేశారు.

“బొమ్మ అద్దంలాగుంది సార్. ప్రభువు మిమ్మల్ని సల్లగా సూడాలి.”

పదకొండు పాఠాలు గడిచాయి. పన్నెండో రోజు అరకు గదిలో కూర్చుని, అదే లిస్టు రెండో బడికి కూడా పెట్టాను. అయిదు నిమిషాలు కాలేదు, ఆ బడి హెడ్మాస్టరు ఫోనులో కేకలు. టీవీ నీలంగా అయిపోయిందట, సిగ్నల్ లేదంటోందట, ఏం పీకుతున్నారక్కడ అని అడిగాడు. లిస్టు తీసి చూశాను. ఒకటే లైను. ఇదే లిస్టు మేరీ టీచరు బడికి పదకొండు రోజులుగా ఉంది.

‘మిగతావి వదులు’ అని రెండు బడులకీ రాశాను. రెండు లైన్ల గ్రాఫులూ లేచాయి. రెండో బడిలో బొమ్మ వచ్చింది. వెనక్కి వెళ్ళి పదకొండు రోజుల గ్రాఫు చూశాను. మేరీ టీచరు లైనులో పాఠం వేళ ఏమీ వెళ్ళలేదు. ఒక్క రోజు కూడా.

నాకు తట్టిన మొదటి మాట దాచను. ఈవిడ అబద్ధం చెప్పింది అనుకున్నాను. కొండ మీద బడి, టీవీ వస్తే ఎవరికి, రాకపోతే ఎవరికి? అడిగినవాళ్ళకి బాగుంది అనేస్తే గొడవ వదిలిపోతుంది. ఆ పిల్లలు నీలం తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు, వాళ్ళకి మాత్రం ఏం తెలుసు అనుకున్నాను. జాలి కంటే ముందు భయం వేసింది నాకు. పరీక్షల ముందు పదకొండు పాఠాలు పోయాయని బయటికొస్తే నా ఉద్యోగం ఊడుతుంది. మర్నాడు మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా కొండెక్కాను. జీపులో గంటన్నర, ఆ పైన వలిసె చేల గట్ల మీద అరగంట నడక.

మేరీ టీచరు కాఫీ ఇచ్చారు. నేను కాఫీ ముట్టుకోకుండా, ఈ పదకొండు రోజులూ ఏం చూశారో చెప్పండి అని పోలీసులా అడిగాను. ఆవిడకి నా కోపం అర్థం కాలేదు. పిల్లల్ని పిలిచి నోట్సులు తెమ్మన్నారు.

పద్దెనిమిది నోట్సులు. తేదీలు వేసి ఉన్నాయి. పదకొండు పాఠాలూ ఉన్నాయి. ఒకచోట ‘సారుకి దగ్గు, నీళ్ళు తాగినారు’ అని రాసుకుంది ఒక పిల్ల. ఇంకోచోట అందరి నోట్సుల్లోనూ ఒక లెక్క సగంలో కొట్టేసి ఉంది. ఏమిటిది అంటే, సారు తప్పు చేసి తుడిచేశారండి, అందుకని మేమూ కొట్టేశాం అన్నారు. ప్రతి పాఠం చివరా, గీత కింద, ఇంకో రెండు మూడు లెక్కలు ఉన్నాయి. అవేమిటని అడగబోతుంటే ముందు వరసలో పిల్ల లేచింది.

పేరు చిలకమ్మ. సన్నగా, పొట్టిగా ఉంది. తర్వాత మేరీ టీచరు చెప్పారు, వాళ్ళ ఊళ్ళో పదో తరగతి దాకా వచ్చింది ఆ పిల్లొక్కతేనట. పాసైతే నర్సు ట్రైనింగులో సీటు ఇస్తామన్నారు. అన్నీ వస్తాయి గానీ లెక్కలంటే హడలు. లెక్కలు పోతే సీటు పోతుంది, సీటు పోతే తండ్రితో అల్లం తవ్వుకోవడమే.

“సార్, ఒక మాట అడగొచ్చా అండి? మొన్నటి దాకా మేం అడిగితే టీవీలో సారు సెప్పీవోరు. నిన్నటి కాణ్ణించి మా మాట ఇనిపించుకోడం నేదు. పన్నెండైపోతే ఎల్లిపోతన్నారు. మీరు ఏటో మార్సినట్టున్నారు. పాతలాగే ఉంచీయండి సార్.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆయన మిమ్మల్ని ఎలా వింటారే? మైకు ఎక్కడుంది? చూపించు. ఆయన నలభై మైళ్ళ అవతల గదిలో ఉన్నారు. మీరు బతికున్నారో లేదో కూడా ఆయనకి తెలీదు” అన్నాను.

“మాకేటి తెల్సండి. అడిగితే సెప్పినారు.”

“పోనీ, మీ ఊళ్ళో ముహూర్తాలు పెట్టే దిశారి ఉంటాడు కదా, ఆయన్ని పిలిచి రౌటరుకి పూజ చేయించమంటావా?”

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కూర్చుండిపోయింది. మేరీ టీచరు నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి మెల్లగా అన్నారు. “గుంటలు అబద్దమాడరు సార్. నానూ ఇన్నాను. పన్నెండు దాటినాక అరగంట ఉండీవోరు ఆయన.” ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, నేను ఆవిడకి జవాబు కూడా చెప్పలేదు. చిలకమ్మ నోట్సు చంకన పెట్టుకుని, మర్నాడు పంపిస్తానని దిగిపోయాను.

అబద్ధాన్ని పట్టుకుందామని స్టూడియోకి వెళ్ళాను. రోజూ పాఠాన్ని టేపు చేసేవాళ్ళు. ఆ టేపులు స్టూడియో బీరువా దాటి ఎక్కడికీ పోవు, తాళం అక్కడి ఆపరేటరు దగ్గరే ఉంటుంది. నోట్సు పక్కన పెట్టుకుని పదకొండు టేపులూ చూశాను. దగ్గు ఉంది, నీళ్ళ గ్లాసు ఉంది. తుడిచేసిన లెక్క ఉంది, సరిగ్గా పిల్లలు కొట్టేసిన అంకె దగ్గరే. పన్నెండు అవగానే మాస్టారు సుద్దముక్క పడేసి, సంచీ తీసుకుని వెళ్ళిపోతున్నారు. లైటు ఆరిపోతోంది. తర్వాత అరగంట లేదు.

మాస్టారు వరండాలో టీ తాగుతున్నారు. గీత కింద లెక్కలు ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఇవి నేను చెప్పలేదు నాయనా. కానీ పద్ధతి నాదే. మెట్టు మెట్టుకీ ఇలా బాణం గుర్తు వెయ్యడం నా అలవాటు. అయితే ఇంత ఓపిగ్గా నేనెప్పుడూ చెప్పి ఎరగను. ఎవరాయన?” అన్నారు.

నోట్సు తీసుకుని లేచొచ్చాను. ఇంకో దారేదైనా ఉందేమోనని వారం రోజులు వెతికాను. పక్క బడినుంచి నోట్సు చూసి రాశారా అంటే, పక్క బడి ఒక కొండ అవతల ఉంది, వాళ్ళ నోట్సుల్లో గీత కింద లెక్కలు లేవు. ఆ ఊరికి కేబులు లేదు. మా డిష్షు తప్ప ఇంకో డిష్షు లేదు. ఫిల్టరు అప్పుడప్పుడూ జారవిడిచిందా అంటే, గ్రాఫులో ఆ జాడ ఉండాలి. అదే లిస్టు రెండో బడిని క్షణంలో ఆపేసింది కూడా. నాకు తెలిసిన విద్యంతా అయిపోయింది.

పరీక్షలకి ఇంక మూడు వారాలు. ఒకరోజు అరకు గదిలో కూర్చుని, ‘మిగతావి వదులు’ అన్న లైను తీసేసే ఆర్డరు టైపు చేశాను. ఎంటర్ నొక్కలేదు. ఏమని నొక్కను? ఆపితేనే పాఠం బాగా వస్తుందని రిపోర్టులో రాయనా? నేను ఇంజనీర్ని, భూతవైద్యుణ్ణి కాదు. తప్పుగా ఉన్నదాన్ని సరిచేశాను, అది సరిగానే ఉంటుంది అనుకున్నాను. టైపు చేసింది చెరిపేసి పాసింజరు ఎక్కాను.

మే నెలలో ఫలితాలొచ్చాయి. మేరీ టీచరు బడిలో పదిహేడు మంది పాసయ్యారు. చిలకమ్మకి లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గాయి.

ఈ సంగతి మేరీ టీచరు ఫోనులో చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. జూన్‌లో సప్లిమెంటరీ ఉంది, సీటు అప్పటిదాకా ఆపుతామన్నారు, హాస్టలు మూసేసినా ఆ పిల్లని మా ఇంట్లోనే ఉంచుకున్నాను అని చెప్పారు. తర్వాత అన్నారు. “ఆ గుంట మిమ్మల్ని ఇంకోపాలి అడగమంది సార్. పాతలాగ పెడతారేటి అని.”

పెట్టాను. నవ్వుకోండి. చిలకమ్మ నోట్సు నేను పంపనేలేదు, మూడు నెలలుగా నా బ్యాగులోనే ఉంది. ఆ పిల్ల దాన్ని చూసుకోకుండానే పరీక్ష రాసింది. అది తల్చుకునేసరికి నాకు అన్నం సహించలేదు. మర్నాడు అరకు వెళ్ళి ‘మిగతావి వదులు’ అన్న లైను తీసేశాను. నిజానికి తీసినా తియ్యకపోయినా ఒకటే. వేసవి సెలవులు, స్టూడియోకి తాళం, మాస్టారు కూతురి దగ్గరికి వెళ్ళారు. కిందనుంచి వచ్చేది ఏమీ లేదు, ఆపడానికి కూడా ఏమీ లేదు.

నోట్సు తీసుకుని కొండెక్కాను. పదకొండు గంటలకి మేరీ టీచరు బడి తెరిచి టీవీ పెట్టారు. నీలం తెర. మూలన సిగ్నల్ లేదు అన్న అక్షరాలు. చిలకమ్మ ముందు బెంచీ మీద కూర్చుంది, మేం ఇద్దరం వెనక.

ఆ పిల్ల తెర వంక చూసి రాయడం మొదలుపెట్టింది. చూస్తుంది, రాస్తుంది. మధ్యలో ఒకసారి స్కేలు తీసి గీత గీసింది. ఇరవై నిమిషాలు పోయాక లేచి నిలబడింది.

“సార్, ఇక్కడ మైనస్సు ఏల ఒచ్చిందండి?”

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. ఆ పిల్ల తల కొంచెం పక్కకి వంచి వింటోంది. తర్వాత సిగ్గుపడుతూ నవ్వి, “ఔనండి, మర్సిపోనాను” అని కూర్చుని, కొట్టేసి మళ్ళీ రాసింది. నేను లేచి వెళ్ళి ఆ పిల్ల భుజం మీదుగా చూశాను. లెక్క సరిగ్గా ఉంది. మెట్టు మెట్టుకీ బాణం గుర్తు ఉంది.

వెనక్కి వచ్చి కూర్చుంటే మేరీ టీచరు నా వంక చూసి రహస్యంగా అడిగారు. “మీకు కనపడ్డం నేదా సార్?”

“కనపడుతోంది టీచర్” అన్నాను.

జూన్ పరీక్ష అయ్యేదాకా ఆ ఫిల్టరు అలాగే ఉంచాను. చిలకమ్మ లెక్కలు పాసయింది. నర్సు ట్రైనింగుకి వెళ్ళింది. మరుసటి ఏడు మా కాంట్రాక్టు అయిపోయింది, గది ఖాళీ చేశాం, రౌటరు విప్పి పెట్టెలో పెట్టి పంపేశాను. పంపేముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను కూడా. మామూలు రౌటరు.

నాలుగేళ్ళ తర్వాత చిలకమ్మ నా నంబరు సంపాదించి ఫోను చేసింది. ఏజెన్సీలోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరిందట. మీ దయ వల్లేనండి అంది. ఆ మాట నేను భరించలేకపోయాను. ఫిల్టరు సంగతి మొత్తం చెప్పేశాను. ఆ పదకొండు రోజులూ పాఠం ఆపేసింది నేనేనని, ఆ వేసవిలో నాకు నీలం తెర తప్ప ఏమీ కనపడలేదని, టీచరుతో అబద్ధం ఆడానని.



“తెల్సండి,” అంది. “ఆ దినమే టీవీలో సారు సెప్పినారు. ఎనక కూకున్నాయనకి నాను కనపణ్ణమ్మా, పాపం, అంత కొండెక్కి వొచ్చినాడు, ఏటీ అనకండి అన్నారు.”

నేను ఫోను పెట్టేశాను. ఇన్నేళ్ళయింది. ఆ గదిలో ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.